గుగ్గిలం పట్టించిన చక్రం

మంగళవారం లోపల ముందు చక్రాలకి రెండు రిమ్ములు చూడాలి.
కాశీబుగ్గ శివాజీకి ఫోన్ చెయ్యాలి.
అక్కకి బీపీ మాత్రలు తేవాలి.
ఆసుపత్రి ఫైలుకి కొత్త కవరు (పాతది వానకి తడిసింది).
పెద్దతల్లి గారికి కబురు: మంగళవారం ఆరున్నరకల్లా రోడ్డు మీదికి రావాలి.
మావని రేవులో పట్టుకోవాలి. జాకీ ఆయన దగ్గరే ఉండిపోయింది.
కారు లోపల కడగాలి, చేపల వాసనకి పెద్దమ్మకి వికారం వస్తోంది.

శనివారం పొద్దున్న క్యాలెండర్ కాగితం వెనక యుగంధర్ పెన్సిలుతో రాసుకున్న పనులివి. ఏడు పనులూ ఆదివారం సాయంత్రానికల్లా పూర్తిచేశాడు. పని వాయిదా వేసే మనిషి కాదతను. కానీ మొదటి పని చేసిన తీరు మాత్రం, అది చెయ్యకుండా వదిలేసినా బాగుండేదనిపించేలా చేశాడు.

అతనిది మూలపేటకి ఇవతల సముద్రం ఒడ్డునున్న పల్లె. వయసు ముప్పై నాలుగు. పదేళ్ళు బోటు ఇంజన్ల దగ్గర చేతులు నల్లగా చేసుకుని, ఆ తర్వాత టెక్కలిలో రిటైరైన ఒక మాస్టారి దగ్గర పద్దెనిమిదేళ్ళ పాత ఫియట్ కారు కొన్నాడు. కొన్నది అక్క కుసుమ కోసం. తల్లి పోయినప్పుడు యుగంధర్‌కి ఆరేళ్ళు. అప్పటినుంచి అన్నం కలిపి పెట్టిందీ, బడికి తోలిందీ, తప్పు చేస్తే వీపు మీద వేసిందీ కుసుమే. ఆమె భర్త వీరావల్ బోట్ల మీద పని చేస్తూ తొమ్మిది నెలలకోసారి ఇంటికొస్తాడు. రెండేళ్ళ కింద ఆమె కిడ్నీలు రెండూ పనిచెయ్యడం మానేశాయి. ఉద్దానంలో ఈ మాట చెబితే "అయ్యో, ఎందుకలా?" అని అడిగేవాళ్ళుండరు. "వారానికి ఎన్నిసార్లు?" అని అడుగుతారు.

కుసుమకి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం. పొద్దున్న ఎనిమిదింటికి పలాస ఆసుపత్రిలో డయాలసిస్ మంచం ఎక్కాలి. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి వెళ్తుంది. మొదట్లో బస్సు మీదే వెళ్ళేవారు. ఒకరోజు తిరుగు ప్రయాణంలో టెక్కలి కాంప్లెక్సులో దిగుతూ బీపీ పడిపోయి, బస్సు మెట్ల మీదనుంచి కూలిపోయింది. నుదురు చిట్లింది. ఆటోలో తీసుకొస్తే దారి పొడుగునా వాంతులు. అంబులెన్సు ప్రాణం మీదికొచ్చినప్పుడు వస్తుంది గాని, వారానికి రెండుసార్లు గుమ్మంలోకి రాదు కదా. అందుకే ఈ కారు. దారిలో తోటల ఊరి నుంచి పెద్దతల్లి అనే ముసలావిడని కూడా ఎక్కించుకుంటాడు. ఆమెదీ అదే జబ్బు, అవే రోజులు.

శుక్రవారం సాయంత్రం తిరిగొస్తుంటే, పోర్టు పనికి రాళ్ళు మోసే టిప్పర్లు నలగ్గొట్టిన రోడ్డు మీద ముందు ఎడమ చక్రం గోతిలో పడింది. రిమ్ము పగిలింది. అరిగిపోయిన స్టెప్నీ ఇంటిదాకా తెచ్చింది గాని, మళ్ళీ పలాస దాకా పనికిరాదు. కుడివైపుది అంతకుముందే వంగితే సుత్తితో సాగగొట్టి నడుపుతున్నాడు. ఉప్పుగాలి తిన్న ఇనుము మరి, ఎన్నాళ్ళని ఆగుతుంది?

కాశీబుగ్గలో చక్రాల షాపు నడిపే శివాజీ అతనికి పాత స్నేహితుడు. శనివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తే అతను చెప్పిందిది.

"బావా, నీ బండి రిమ్ములు ఈ సుట్టుపక్కల దొరకవు. వైజాగ్‌లో ఒకాయన దగ్గరున్నాయి. వచ్చే శనివారానికి తెప్పిత్తాను."

"శనివారమా! మంగళారం, శుక్రారం అక్కని తీసుకెళ్ళాల గదేటి?"

"ఆ రెండు ట్రిప్పులూ ఎవులి బండైనా అడుగు. ఒక్క మాట ఇనుకో. నాలుగు బొక్కలున్నాయి గదాని ఏ రిమ్ము పడితే అది ఎక్కించీకు. బొక్కల మజ్జన కొలత నీ బండికొకటి, ఇప్పుడొచ్చే బళ్ళకొకటి. రెండు మిల్లీమీటర్లు తేడా."

"రెండు మిల్లీమీటర్లు ఎంత బావా, సీమంత!"

"సీమ ఏనుగు తొండంలో దూరితే ఏటవుద్దో తెల్దేటి? బోల్టు ఎక్కుతాది, బిగుసుకుంటాది కూడాను. అదే మోసం. అస్సలెక్కకపోతే ఎవుడూ ఎక్కించడు గదా."

ఊళ్ళో ఉన్న ఇంకో కారు పెళ్ళివాళ్ళతో సింహాచలం వెళ్ళింది. వారం దాకా రాదు.

ఆదివారం పొద్దున్న యుగంధర్ బైకు మీద హరిశ్చంద్రపురం వెళ్ళాడు. రైల్వే స్టేషన్‌కి కాస్త దూరంలో గౌరీశంకర్ అనే ఆయన పాత బళ్ళు విప్పి సామాను అమ్ముతాడు. అక్కడ, తుప్పు గుట్టల మధ్య, టైర్లతో సహా రెండు అల్లాయ్ చక్రాలు ఎండకి తళతళలాడుతూ కనిపించాయి. నాలుగేసి బొక్కలు. యుగంధర్ జేబులోంచి నైలాన్ దారం తీశాడు.

ఆ దారం సంగతి చెప్పాలి. బోటు పనిలో కొలత అంటే దారమే. ఇంజను పలక బొక్కలైనా, చుక్కాని మేకులైనా దారం పెట్టి, అటొక ముడి, ఇటొక ముడి వేసి, అదే దారాన్ని కొత్త సామాను మీద పెట్టి చూస్తారు. ముడులు సరిపోతే సామాను సరిపోయినట్టే. తాతల నాటినుంచి అలాగే తిరిగొచ్చాయి పడవలు. యుగంధర్ ఇంటి దగ్గరే పగిలిన రిమ్ము మీద ఎదురెదురు బొక్కల నడిమి నుంచి నడిమికి దారం పట్టి ముడులు వేసి తెచ్చాడు.

"టేపు నేదేటి తమ్ముడూ?" అన్నాడు గౌరీశంకర్.

"మాకు దారమే టేపు."

"నాలుగు బొక్కలికి నాలుగు బొక్కలు. ఇంకా ఏటి సూత్తన్నావు, పెల్లి పొంతనాలా?"

ముడులు రెండు బొక్కల్లోనూ కూర్చున్నాయి. యుగంధర్ రెండుసార్లు చూశాడు, మూడోసారి వేలితో నొక్కి చూశాడు. కూర్చున్నాయి. శివాజీ చెప్పిన తేడా చక్రాలు ఇవి కావనుకున్నాడు. మనసులో బరువు దిగిపోయింది. నైలాన్ దారం ముడి లావు రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. తేడా అంతా ఆ ముడిలోనే మునిగిపోయిందని అతనికి తెలియలేదు.

ఆ మధ్యాహ్నం రేవు పక్క ఇసకలో కారు నిలబెట్టి, మావ సన్యాసిరావుని పిలిచాడు. సన్యాసిరావు అతని భార్య తండ్రి. అరవై మూడేళ్ళు. చెక్క పడవల కాలంలో చుట్టుపక్కల పది రేవులకి ఆయనే వడ్రంగి. ఇప్పుడు ఫైబర్ బోట్లకి అతుకులు వేస్తున్నాడు గాని, మనసంతా ఇంకా చెక్కలోనే ఉంది.

"జాకీ పట్టుకొచ్చినాను అల్లుడుగారో! అడిగితే గాని ఇవ్వననుకున్నావేటి, మొగం అలాగెట్టినావు?"

"ముందు సక్రం ఎత్తు మావా."

మొదటి బోల్టు నున్నగా దిగింది. దానికెదురు బోల్టు సగం దిగి నిలబడిపోయింది. మొదటిదాన్ని కాస్త వదులు చేసి, చక్రాన్ని చెక్కసుత్తితో తట్టి, రెండోదాన్ని బుజ్జగిస్తూ తిప్పితే దిగింది. మూడోది కొద్దిగా పక్కకి ఒరిగి దిగింది. నాలుగోదానికి పానాకి ఇనప గొట్టం తొడిగి ఇద్దరూ వేలాడారు. కిర్రుమంది. బిగుసుకుంది.

యుగంధర్ వంగి చూశాడు. బోల్టు తల కూర్చునే గుంటలో ఒక పక్క బిగువుగా ఉంది. రెండో పక్క గోరు పట్టేంత సందు, విదియనాటి చంద్రుడి ఆకారంలో. నాలుగింటిలో మూడింటికి అలాగే ఉంది.

"మావా, ఇటు సందు కనిపిత్తాంది."

"ఏదీ? ఓస్, ఇదా! సందు నేని బోటు నువ్వెప్పుడైనా సూసినావేటి?"

"బోటు నీల్లలో ఉంటాది. ఇది రోడ్డు మీద తిరుగుద్ది."

"తిరిగితేనే గదరా కూకుంటాది. కొత్త సెప్పు కరవదేటి? నాలుగడుగులేత్తే కాలికి ఒదుగుద్ది. మొదటి రోజు ఓటి, మూడో రోజు గట్టి. మా అయ్య సెప్పిన మాటిది."

ఆ మాట అబద్ధం కాదు. కొత్త చెక్క పడవని నీళ్ళలోకి దించిన రోజు పలకల సందుల్లోంచి నీళ్ళూరతాయి. మూడో రోజుకి చెక్క ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయి. ఈలోగా మిగిలిన సందుల్లో గుగ్గిలం నూరి నూనెలో కలిపి, నూలుపోగులతో కూరతారు. వాడేకొద్దీ బిగిసే పని అది. సన్యాసిరావు జన్మంతా వాడేకొద్దీ బిగిసే వస్తువులే చేశాడు.

ఆయన గుడిసెలోకి వెళ్ళి గుగ్గిలం డబ్బా, నూలు తెచ్చాడు. ఉలి మొనతో ఆ చంద్రవంకల్లోకి నూలు నొక్కి, పైన గుగ్గిలం పట్టించి, బొటనవేలితో నున్నగా రాశాడు. అందంగా ఉంది పని. సందు ఉన్న జాడే లేదు. ఇనుము నీళ్ళకి ఉబ్బదు కదా అన్న మాట యుగంధర్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎదురుగా మావ, వెనక ఎల్లుండి మంగళవారం. మింగేశాడు.

"ఇంక ఎల్లొచ్చుగా మావా?"

"లంకదాకా ఎల్లొచ్చు!"

మంగళవారం పొద్దున్న ఆరున్నరకి పెద్దతల్లి తోట గట్టు మీద సంచి పట్టుకుని నిలబడి ఉంది. డెబ్భై దగ్గరపడిన మనిషి. ఒంట్లో నీరు తప్ప ఏమీ మిగల్లేదని తనమీద తనే నవ్వుకునేది.

"ఏటి నాయినా, బండికి ఎండి కడియాలేసినావు! మమ్మల్ని ఆసుపత్రికి తోలుతావా, పెల్లికి తోలుతావా?"

"ఎక్కు పెద్దమ్మా, నీకు సంబంధం సూసేను," అన్నాడు యుగంధర్.

"రెండు కిడ్నీలు మంచివున్నోడైతేనే సేసుకుంతాను. సెప్పీ ఆలకి."

కుసుమ కూడా నవ్వింది. కారు బాగానే నడిచింది. నౌపడ దాటి, టెక్కలి దాటి, హైవే ఎక్కింది. స్టీరింగులో ఏదో సన్నని వణుకు ఉంది. పాత బండి, ఎప్పుడూ ఏదో ఒక వణుకు ఉండేదే. ఒకచోట గేదెలు అడ్డమొస్తే గట్టిగా బ్రేకు వేశాడు. అప్పుడొచ్చింది వాసన.

"ఎవులో దూపం ఏసినారమ్మా," అంది పెద్దతల్లి కిటికీలోంచి చూస్తూ. "ఇక్కడ అమ్మోరి గుడేటైనా ఉన్నాదేటి?" గుడి కనపడకపోయినా చేతులు జోడించింది.

కుసుమ జోడించలేదు. ఆమె ముక్కు ఎగబీల్చి తమ్ముడి వీపు వంక చూసింది.

"కారులోంచే వత్తాంది గదరా. శవం దగ్గరేసే దూపం నాగుంది."

"బ్రేకులు కొత్తగా బిగించేను గదక్కా. నూనె కాల్తాంది."

అది మొదటి అబద్ధం. చిన్నదే. అక్క మనసు కలత పడకూడదని ఆడింది.

పలాసలో ఆసుపత్రికి శివాజీ షాపు ముందునుంచే దారి. యుగంధర్ ఆరోజు సందుల్లోంచి తిప్పి వేరే దారిన వెళ్ళాడు. ఆ నాలుగు గంటలూ వాళ్ళిద్దరూ లోపల మంచాల మీద ఉంటే, అతను కారుని ప్రహరీ వెనక పెట్టి చక్రాలు చూశాడు. గుగ్గిలం కరిగి, వెండి రంగు మీద నల్లగా, కంటి కింద కాటుక కారినట్టు చారలు కట్టి ఉంది. పానా వేస్తే ఎడమ చక్రం బోల్టులు ఒక్కొక్కటీ పావు చుట్టు తిరిగాయి. బిగించినవి తిరక్కూడదు. తుడిచి, మళ్ళీ బిగించి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాడు.

సాయంత్రం సంగతి చెబితే సన్యాసిరావు తొడ చరిచాడు.

"సెప్పేనా? పావు సుట్టు తిరిగిందంటే పావు సుట్టు కూకున్నాదన్నమాట! సుక్కురారానికి గట్టి." అని మళ్ళీ గుగ్గిలం నింపాడు.

మనకి కావలసిన మాట ఎవరైనా చెబుతుంటే, ఆ చెప్పేవాళ్ళకి తెలుసా తెలియదా అని అడగం. యుగంధర్ అడగలేదు.

గురువారం మధ్యాహ్నం శివాజీ నుంచి ఫోన్.

"బావా, రిమ్ములు బయల్దేరినాయి. రేపు సాయంత్రానికి నా షాపులో ఉంటాయి. మంగళారం దేనిమీద తీసుకెళ్ళేవు?"

యుగంధర్ కారు వైపు చూశాడు.

"ఎవులిదో బండి దొరికింది బావా."

"రేపటికి?"

"అదే బండి."

"దొరక్కపోతే మొగమాటపడీకు. నా బండి పంపిత్తాను. పొద్దున్న అయిదింటికి మీ ఇంటి ముందుంటాది. పంపీమంటావా?"

ఇదిగో, ఇక్కడ. ఈ కథలో ఏదైనా ఒక్కచోట ఆగి గట్టిగా పిలవాలనిపిస్తే అది ఇక్కడే. అవునంటే చాలు. కానీ అవునంటే శివాజీ వస్తాడు, వాకిట్లో ఉన్న కారు చూస్తాడు, వద్దన్న పనే చేశావని తెలుసుకుంటాడు, మంగళవారం ఇద్దరు రోగుల్ని దీనిమీదే తిప్పావా అని అడుగుతాడు. అడిగితే ఏం చెప్పాలి?

"వద్దు బావా. దొరికింది గదా."

లోపలినుంచి కుసుమ దగ్గు వినిపించింది. ఎండలకి తట్టుకోలేక ఆమె రెండురోజులుగా లెక్కకి మించి నీళ్ళు తాగింది. పాదాలు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చుంది. శుక్రవారం తప్పితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. వాళ్ళ వీధిలోనే ముగ్గురికి అయింది.

శుక్రవారం పొద్దున్న పెద్దతల్లి ఎక్కుతూనే గాలి పీల్చి, "ఇయాల దూపం నేదే?" అంది.

నిజమే, వాసన లేదు. టెక్కలిలో రెండుసార్లు బ్రేకు వేసినా రాలేదు. యుగంధర్ గుండె తేలికపడింది. మావ మాటే నిజమైందనుకున్నాడు, మూడో రోజు గట్టి. ఈసారి గుగ్గిలం కరిగేలోపే బోల్టుల కదలికకి నలిగి, పొడై, దారంతా రాలిపోయిందని, కాలడానికి ఇంకేమీ మిగలకే వాసన రావడం లేదని అనుకోలేదు.

హైవే మీద కొంతదూరం పోయాక మొదలైంది. టక్. కాసేపటికి టక్, టక్. స్పీడు పెంచితే దగ్గర దగ్గరగా, తగ్గిస్తే దూరం దూరంగా.

"సక్రంలో ఎవులో తలుపు కొడతన్నారు నాయినా," అంది పెద్దతల్లి. ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు. "ఆపీ. దిగి సూడు."

రోడ్డు పక్కన ఆపి దిగాడు. ఎడమ చక్రం ముందు కూర్చున్నాడు.

బోల్టులు మూడే ఉన్నాయి. నాలుగోది ఉండాల్సిన చోట ఖాళీ బొక్క. మిగిలిన మూడింటి చుట్టూ చంద్రవంకలు పెరిగి వేలు దూరేలా ఉన్నాయి. బొక్కలు గుండ్రంగా లేవు, కోడిగుడ్డులా సాగి ఉన్నాయి. కింద నేల మీద మెరుస్తున్న రజను రాలింది. పానా వేసి తిప్పాడు. మూడూ తిరిగాయి. తిరిగి, ఎక్కడో ఆగాయి. బిగుసుకుని ఆగాయా, అరిగిన మర మీద ఆగాయా, చేతికి తెలుస్తూనే ఉంది. పదేళ్ళు ఇనుముతో బతికిన చెయ్యి అది.

కిటికీలోంచి కుసుమ తల వంచింది. ముఖం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. మాటకీ మాటకీ మధ్య గాలి కోసం ఆగుతోంది.

"అన్నీ... ఉన్నాయేటిరా?"

"ఉన్నాయక్కా. నాలుగూ ఉన్నాయి."

"ఆటో ఎక్కుదాం నాయినా," అంది పెద్దతల్లి. "నా మనసు మంచిగా నేదు."

"పది కిలోమీటర్లే పెద్దమ్మా. మెల్లగా ఎల్తాను. ఏడున్నరయిపోనాది, మంచం పోద్ది."

జేబులోంచి ఫోన్ తీశాడు. శివాజీ పేరు మీద వేలు పెట్టాడు. పక్కనుంచి ఒక లారీ హారన్ కొడుతూ దూసుకుపోయింది. ఫోన్ జేబులో పెట్టేసి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ముప్పై మీద నడిపాడు. వెనక బళ్ళవాళ్ళు తిట్టుకుంటూ దాటిపోతున్నారు. చప్పుడు ఆగిపోయింది. కిలోమీటరు. రెండు. నాలుగు. ఎనిమిదింటికి ఇంకా పావుగంట ఉంది. కొంచెం తొక్కాడు. నలభై, యాభై. కాశీబుగ్గ మలుపుకి ముందు రోడ్డు కాస్త పల్లంగా దిగుతుంది. అక్కడ స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోయింది, చేతుల్లో ఏమీ లేనట్టు.

అతనికి ముందు కనిపించింది చక్రం. కారుకి ఎడమపక్కగా, కారుని దాటుకుని, పొద్దుటెండకి మెరుస్తూ, నిటారుగా, హాయిగా దొర్లిపోతోంది. ఎవరి బండిదో చక్రం ఊడిపోయింది పాపం, అనుకున్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు. ఆ తర్వాత కారు ఎడమ మూల కూలబడింది. ఇనుము రోడ్డుని గీరుతూ నిప్పులు చిమ్మింది. పెద్దతల్లి దేవుణ్ణి పిలిచింది. బండి గీరుకుంటూ గీరుకుంటూ పోయి, ఒరిగి, ఆగింది. లోపల ముగ్గురికీ చిన్న గీతైనా పడలేదు.

చక్రం ఆగలేదు. పల్లం కదా, ఇంకా ఊపందుకుంది. రోడ్డు అంచు దాటి మట్టిలోకి దిగి, ఒక రాయి తగిలి ఎగిరింది. అక్కడ ఒకామె షేర్ ఆటో కోసం నిలబడి ఉంది. తెగిన చెప్పు వారు సరిచేసుకోవడానికి వంగి ఉంది. పక్కన టిఫిన్ క్యారేజీ పెట్టుకుంది. ఆమె తలెత్తలేదు. ఎవరూ పిలవలేదు. పిలిచే వ్యవధి కూడా లేదు.

జనం పరిగెత్తుతున్నారు. యుగంధర్ స్టీరింగు వదల్లేదు. అతని వెనకనుంచి మాట వినిపించింది, మధ్యమధ్య గాలి కోసం ఆగుతూ.

"ఎన్ని... ఉన్నాయన్నావురా?"

కుసుమనీ పెద్దతల్లినీ ఎవరో ఆటోలో ఎక్కించి పంపారు. అరగంట ఆలస్యమైనా ఆసుపత్రిలో మంచాలు ఇచ్చారు. కుసుమ ఒంట్లోంచి ఆరోజు తియ్యాల్సిన నీరంతా తీశారు. ఊపిరి సర్దుకుంది. ఊపిరి సర్దుకున్నాక ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

శివాజీ వచ్చాడు. ఒరిగిన కారు దగ్గర వంగి, చక్రం ఊడిన హబ్బు చూసి, రోడ్డు మీద దొరికిన ఒక బోల్టు అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు. తిడతాడని యుగంధర్ ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది. "నా బండి రాత్రినుంచీ ఖాళీగానే ఉన్నాది బావా," అన్నాడంతే.

సన్యాసిరావు మధ్యాహ్నం బస్సుకి దిగి సరాసరి స్టేషన్‌కి వచ్చాడు. "తప్పు నాది బాబూ. గుగ్గిలం నానెట్టినాను. కూకుంటాదని నానే సెప్పినాను," అని ఎస్సై ముందు చేతులు కట్టుకున్నాడు. కానిస్టేబుల్ రాస్తూ రాస్తూ ఆగి, "చక్రానికి గుగ్గిలమేంటయ్యా?" అని అడిగాడు. ముసలాయన పడవల గురించి చెప్పడం మొదలుపెట్టి, సగంలో, తను చెప్పేది తనకే వినపడ్డట్టు నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"మావదేం నేదు సార్," అన్నాడు యుగంధర్. "నాకు ముందే సెప్పినారు. మూడు బోల్టులున్నాయని నాకు తెలుసు. రాసుకోండి." దారం ముడి దగ్గర్నుంచి అన్నీ వరసగా చెప్పాడు. అక్కతో ఆడిన అబద్ధం మాత్రం ఆఖర్న చెప్పాడు. దాన్ని రెండోసారి చెప్పించుకుని రాసుకున్నారు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు వాక్యాలు వచ్చాయి. కారు చక్రం ఊడిందని, కారులో ఇద్దరు డయాలసిస్ రోగులున్నారని, ముగ్గురూ క్షేమంగా బయటపడ్డారని రాశారు. ఆఖర్న, రోడ్డు పక్కనున్న ఒక మహిళ మృతిచెందిందని రాశారు. పేరు లేదు.

ఆమె పేరు కన్నమ్మ. నలభై ఏళ్ళు. కాశీబుగ్గలో ఒక జీడి బట్టీలో పదిహేనేళ్ళుగా పిక్కలు కొట్టి పప్పు తీసే పని. జీడి రసానికి ఆమె వేళ్ళ కొసలు ఎప్పుడూ నల్లగా ఉండేవి. పెళ్ళిళ్ళకి వెళ్తే చేతులు కొంగులో దాచుకునేది. కూతురు భాను ఇంటర్ చదువుతోంది. ఆరోజు క్యారేజీలో ఉన్నది చద్దన్నం, వంకాయ కూర. ఆమెకి ఏ జబ్బూ లేదు. కారులో ఉన్న ముగ్గురిలో ఎవరినీ ఆమె ఎప్పుడూ చూడలేదు, వాళ్ళూ ఆమెని చూడలేదు.

యుగంధర్‌ని మీరు తిట్టుకున్నా, అతనిమీద జాలిపడ్డా అది మీ ఇష్టం. కుసుమ ఇప్పుడు శివాజీ బండిలో వెళ్ళొస్తోంది. ఆమె ఎలా ఉందని అడిగేవాళ్ళు ఉద్దానంలో చాలామందే ఉన్నారు. కన్నమ్మ ఏదని అడిగేది భాను ఒక్కతే. టెక్కలి నుంచి పలాస వెళ్ళే దారిలో, కాశీబుగ్గకి ముందు రోడ్డు పల్లంగా దిగేచోట, పొద్దున్నపూట ఆటోల కోసం ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉంటారు. ఆ దారిన వెళ్ళినప్పుడు దయచేసి బండి కాస్త మెల్లగా పోనిచ్చి, కన్నమ్మని ఒక్కసారి తలుచుకోండి.